సంగీత నాటకంలో ఔత్సాహికుడు

జీతానికి గాక ఇష్టం కొద్దీ వేషం కట్టే మనిషికి భారతీయ భాషలు పెట్టుకున్న పేర్లు గమనింపదగినవి. మరాఠీలో అతడు 'హౌశీ' నటుడు; 'హౌస్' అంటే ముచ్చట, మనసుపడటం. బెంగాలీలో అతని బృందం 'శఖేర్ దళ్'. ఈ 'శఖ్' తెలుగువారి 'షోకు'కు దగ్గరి చుట్టం. రెండూ ఒకే అరబ్బీ మాట నుండి దిగివచ్చినవి. కన్నడంలో అతడు 'హవ్యాసి', తెలుగులో 'ఔత్సాహికుడు'. ఈ మాటలలో దేనిలోనూ చేతకానితనమనే అర్థం లేదు. ఆ అర్థాన్ని తెచ్చి తగిలించినది విమర్శ. నాటకం రక్తికడితే 'వృత్తినటులకు తీసిపోలేదు' అని మెచ్చుకోవడం, కట్టకపోతే 'ఔత్సాహికులే గదా' అని క్షమించడం: ఈ రెండు వాక్యాలతో విమర్శ తన పని ముగిసినదనుకుంటుంది. రెండింటిలోనూ కొలబద్ద ఒకటే, అది ఎదుటివానిది.

సంగీత నాటకం విషయంలో ఈ తీర్పు మరింత కఠినంగా ఉంటుంది. వచన నాటకమైతే కొంత తెలివి, కొంత చొరవ ఉన్న పెద్దమనిషి ఎట్లాగో నెగ్గుకురావచ్చు. పాటకు శిక్షణ కావాలి, శిక్షణకు లేబ్రాయం కావాలి. కనుక నలభయ్యో యేట హార్మనీ పక్కన కూర్చుని వరస నేర్చుకునే గుమాస్తా, బడిపంతులు, దుకాణదారు దాని జోలికి పోకుండా ఉండటమే మర్యాద అని పట్టణాలలో చాలామంది అభిప్రాయం. ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి మరాఠీ సంగీత నాటకాన్ని మించిన నిదర్శనం లేదు. ఏలనంటే ఆ నాటకం పుట్టినదే ఒక కచేరీ ఉద్యోగి చేతిలో.

1843లో సాంగ్లీలో విష్ణుదాస్ భావే 'సీతాస్వయంవరం' ఆడించినప్పుడు పాటలన్నీ సూత్రధారునివే. వేషధారులు గంతులు వేసేవారు, తోచిన సంభాషణ తోచినట్లు పలికేవారు. వారి దుఃఖాన్నీ కోపాన్నీ శృంగారాన్నీ పాడవలసినవాడు మాత్రం పక్కన నిలిచిన సూత్రధారుడే. 1880 అక్టోబరు 31న పుణేలో 'సంగీత శాకుంతలం' మొదటి నాలుగంకాలకు తెర లేచిన రాత్రి ఈ ఏర్పాటు మారిపోయింది. దాని కర్త బలవంత్ పాండురంగ కిర్లోస్కర్, లోకానికి అణ్ణాసాహెబ్, అప్పటికి రెవెన్యూ కమిషనరు కచేరీలో కొలువు చేస్తున్నాడు. ఆయన నాటకంలో శకుంతల పాట శకుంతలే పాడుకోవాలి, కణ్వుని పాట కణ్వుడే పాడుకోవాలి. నాటకం మొత్తంలో పాటలు దాదాపు రెండు వందలు. అంతవరకు ఒక్కని గొంతుకు అప్పగించి ఉన్న భావమంతా పాత్రల మధ్య పంచబడింది. చరిత్రకారులు దీనిని నాట్యకళలో పురోగమనంగా వర్ణిస్తారు, అది నిజమే. కాని మరొక ఫలితం కూడా ఉన్నది. ఆనాటి నుండి నాటకంలో నిలబడదలచిన ప్రతివాడూ గొంతు విప్పక తప్పలేదు.

అంతమంది గొంతు విప్పగలిగినారంటే అందుకు కారణం కిర్లోస్కర్ ఎంచుకున్న వరసలు. సాకీ, దిండీ, ఓవీ, లావణి: ఇవి గురుకులంలో నేర్చేవి కావు. సాకీ, దిండీ ఆలయ మండపంలో కీర్తనకారుల నోట, అనగా తెలుగుదేశంలో హరిదాసులు చేసే పనినే అక్కడ చేసేవారి నోట, ప్రతి పిల్లవాడూ విన్నవి. ఓవీ తిరగలి దగ్గర ఆడవారు పాడుకునేది. కిర్లోస్కర్ పుట్టిన గుర్లహొసూరు బెళగావి సీమలోనిది గనుక కన్నడపు వరసలు కూడా అలవోకగా వచ్చి చేరినవి. తెలుగు పాఠకునికి పోలిక చెప్పవలెనంటే, ద్విపద, మంగళహారతి, ఏలపాట, వీధి భాగవతుల దరువు అన్నీ కలిపి ఒక నాటకం కట్టినట్లు ఊహించుకోవచ్చు. అట్టి నాటకంలో పాడేవానికి కావలసినది అరుదైన కంఠం కాదు; ఊరివాడై ఉండటం చాలు. 1882లో వచ్చిన 'సంగీత సౌభద్రం' ఈ దృష్టితో చూస్తే ఇంకా గొప్ప నాటకం. కథ తెలుగువారికి కొత్తది కాదు, 'విజయవిలాసం' చదివినవారికి అసలే కాదు. అయితే చేమకూర కవి చమత్కారం ఒక దారి, కిర్లోస్కర్ చమత్కారం మరొక దారి. సౌభద్రంలో దేవతలు లేరు, ఒక పెద్ద ఉమ్మడి కుటుంబం ఉన్నది. చెల్లెలి పెండ్లి విషయంలో తన మాటే చెల్లాలనుకునే పెద్దన్న, పైకి వినయంగా ఉంటూ లోపల తంత్రం నడిపే చిన్నన్న, అన్నీ తెలిసీ నవ్వుకునే వదినె, దొంగసన్యాసిగా ఇంట్లోకి వచ్చి కూర్చున్న కాబోయే అల్లుడు. పదేళ్ళ సంసారం చేసినవానికి ఈ పాత్రలలో ఏదీ నేర్పనక్కరలేదు. ఇరవయ్యేళ్ళ సుందరాంగుని కంటె, ఇద్దరు చెల్లెళ్ళ పెండ్లిండ్లు చేసి అలసిన గృహస్థుకే బలరాముడు బాగా తెలుసు.

తరువాతి అర్ధశతాబ్దం వృత్తి సమాజాలది. దాని వైభవం గురించి ఎంతో వ్రాశారు. ఇక్కడ అది కొద్దిగానే అవసరం. 1911లో ఖాడిల్కర్ 'మానాపమానం' వచ్చింది. పాటలకు వరసలు కూర్చినవాడు గోవిందరావు టెంబే. 1916లో 'స్వయంవరం' వచ్చింది. వరసలు భాస్కరబువా బఖలేవి. ఖయాలు, ఠుమ్రీ రంగస్థలం మీదికి నడిచివచ్చినవి. బాలగంధర్వుని కంఠం వాటికి దొరికింది. 'వన్స్ మోర్' అనే ఇంగ్లీషు కేక మహారాష్ట్రంలో మరాఠీ మాటే అయిపోయింది. రాత్రి తొలిజాములో మొదలైన నాటకం తెల్లవారుజామున ముగిసేది. రుక్మిణి శ్రీకృష్ణునికి చెప్పవలసిన మాట ఒకటే, ఆ మాట పాటగా నాలుగుమార్లు తిరిగి వచ్చేది, ఒక్కొక్కమారు కొత్త సొబగుతో. విన్నవారు ధన్యులు. అయితే ఆ సమయంలో నాటకం ఎక్కడ ఉన్నదని అడిగితే సమాధానం కష్టం. కృష్ణుడు వేషంతో నిలబడి, పాట ఎప్పుడు ముగుస్తుందా అని ఎదురుచూస్తున్నాడు. పాట నాటకాన్ని విడిచి కచేరీ అయింది. అదే సమయంలో ఊరివాడు వేదిక దిగి ప్రేక్షకులలో కూర్చున్నాడు. బఖలే వరస అతని గొంతులో పలకదు.

1930లలో టాకీ వచ్చింది. 1932లో మరాఠీలో 'అయోధ్యేచా రాజా' తెరకెక్కింది. నాటకశాలలు ఒక్కొక్కటే సినిమాహాళ్ళయినవి. పెద్ద పెద్ద మండళ్ళు అప్పులలో మునిగినవి. 1943లో మరాఠీ రంగస్థలపు శతాబ్ది ఉత్సవం సాంగ్లీలో జరిగేనాటికి సంగీత నాటకం జ్ఞాపకంగా మారిందనే భావించినవారు చాలామంది. అది జ్ఞాపకంగా మారిపోకపోవడానికి కారకులెవరు? 1964లో గోవా హిందూ అసోసియేషన్ 'మత్స్యగంధ'ను, 1967లో నాట్యసంపద సంస్థ 'కట్యార్ కాళజాత్ ఘుసలీ'ని రంగానికి ఎక్కించి సంగీత నాటకానికి కొత్త ఊపిరి పోసినవని గ్రంథాలు చెబుతాయి. కాని 1932కూ 1964కూ మధ్య మూడు దశాబ్దాలున్నవి. ఆ మూడు దశాబ్దాలు సౌభద్రాన్నీ 'శారద'నూ నోటినుండి జారిపోకుండా పట్టుకున్నవారిలో పల్లెల, చిన్న పట్టణాల హౌశీ బృందాలకు పెద్ద పాలున్నది. గ్రంథాలు వారికి రెండు పంక్తులకు మించి ఇవ్వలేదు.

ఈ విషయంలో గోవా ప్రత్యేకంగా చెప్పదగినది. 1961 వరకు అది పోర్చుగీసు పాలనలో ఉన్నది. అక్కడి పల్లెలలో ఆలయపు జాత్రకు, వార్షికోత్సవానికి ఊరివారే నాటకం వేయడం ఆచారం. దేవునికి జరిగే సేవలలో అదొకటి. ఉత్సవానికి కొన్ని నెలల ముందు పుస్తకం ఎంచుకుంటారు. పాటలు చెప్పడానికి తెలిసినవాడొకడిని పిలుస్తారు. అతడు హార్మనీయో కాళ్ళతో తొక్కే ఆర్గనో ముందు పెట్టుకుని, పగటి పనులు ముగించి వచ్చినవారికి ఒక్కొక్క పాదం నూరిపోస్తాడు. గొంతు అందనివానికి శ్రుతి దించుతాడు; అసలే అందకపోతే పాటను సగం చేస్తాడు; అప్పటికీ అందకపోతే ఆ పాట తీసివేసి మాటలలోకి మారుస్తాడు. ఈ కత్తిరింపు సౌందర్యశాస్త్రంలో చోటు దక్కని పని. కాని ఇంత జాగ్రత్తగా నాటకాన్ని చదివే సంపాదకుడు మరొకడు లేడు. ఏ పాట పోతే కథ కుంటుతుందో, ఏ పాట పోయినా ఎవరికీ తెలియదో అతనికి తెలుసు. మంగేశీ వంటి ఆలయగ్రామం దీనానాథ్ మంగేష్కర్‌నూ జితేంద్ర అభిషేకీనీ ఇచ్చిందంటే అది దైవికం కాదు. 'మత్స్యగంధ'కు వరసలు కూర్చినవాడు ఆ అభిషేకీయే. నాటకంలో పాటల సంఖ్య తగ్గించి, ఒక్కొక్క పాటను చిన్నది చేసి, సందర్భానికి కట్టివేసినవాడని ఆయనను పొగుడుతారు. శాస్త్రీయ విద్యలో ఆయన పొందిన పరిణతి ఎంత గొప్పదైనా, పాట నాటకానికి లొంగి ఉండవలెననే నియమం ఆలయ మండపంలోని హౌశీ నాటకం ఎప్పుడూ వదిలిపెట్టనిది. అందులో పరాశరునిగా పాడిన రామదాస్ కామత్ కూడా గోవావాడే; ఉద్యోగం చేసుకుంటూనే రంగస్థలం మీద పాడినవాడు.

అసలు ప్రశ్న ఇప్పుడు వస్తుంది. చక్కని కంఠం లేనివాడు, శిక్షణ చాలనివాడు, పైగా ప్రేక్షకులలో ప్రతివానికీ పేరుపేరునా తెలిసినవాడు వేషం కట్టి పాడితే రసమెట్లా పుడుతుంది? అభినవగుప్తుడు నటుని కిరీటాదులు అతని నిజరూపాన్ని కప్పివేస్తాయన్నాడు; 'వీడు నటుడు' అనే బుద్ధి గాని, 'ఇతడే రాముడు' అనే బుద్ధి గాని ప్రేక్షకునిలో స్థిరపడకూడదన్నాడు. ఊరి మండపంలో ఈ కప్పుదల సాధ్యం కాదు. అర్జునుని కిరీటం కింద ఉన్న ముఖం నిన్న సాయంకాలం తూకంలో మోసం చేసిన ముఖం. అతడు గద్యం పలుకుతున్నంతసేపు ఆ ముఖమే కనబడుతుంది. బేరం చేసే గొంతూ, వీరాలాపం చేసే గొంతూ ఒకటే గనుక. వచన నాటకమే ఔత్సాహికునికి తగినదన్న వాదం ఇక్కడే పొరబడుతుంది. మాట అతన్ని పట్టిస్తుంది. పాట అతన్ని దాస్తుంది. ఇరవయ్యేళ్ళుగా ఇరుగున ఉన్నవానికైనా అతని మాటగొంతు తెలుసును గాని పాటగొంతు తెలియదు. ఎన్నడూ విని ఉండడు. శ్రుతి పెట్టె పలికి, అతడు మొదటి స్వరం అందుకోగానే, తెలిసిన ముఖంలో నుండి తెలియని మనిషి బయటికి వస్తాడు. ఆ క్షణాన మండపంలో కలిగే నిశ్శబ్దం మహాగాయకుని సభలోని నిశ్శబ్దం వంటిది కాదు. అది మెప్పు కాదు, ఆశ్చర్యం. 'ఇన్నాళ్ళూ ఇది వీనిలో ఎక్కడ ఉన్నది?' అనే ఆశ్చర్యం. సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉన్న ప్రేక్షకుని చిత్తాన్ని గానమూ వాద్యమూ విడిపిస్తాయని కూడా అభినవగుప్తుడే చెప్పాడు. ఆ మాట వృత్తినటుని నాటకానికి ఎంత వర్తిస్తుందో, పొరుగువాని నాటకానికి అంతకు పదిరెట్లు వర్తిస్తుంది. అక్కడ కరిగించవలసిన గోడ మరీ మందమైనది.

కాని ఇందుకొక షరతు ఉన్నది. అతడు తన గొంతుతో పాడాలి. గ్రామఫోను ప్లేటు వచ్చిన తరువాత ఈ షరతు తరచు తప్పుతున్నది. బాలగంధర్వుని ప్లేటు విని, ఆయన తీసిన మురికీ ఎక్కడ తీశాడో అక్కడే తీయడానికి తంటాలు పడే హౌశీ గాయకుడు రెండువిధాల చెడుతున్నాడు. ఆయనను అందుకోడు, తననూ పోగొట్టుకుంటాడు. ప్రేక్షకునికి కూడా పాత్ర మీద గాని పొరుగువాని మీద గాని ధ్యాస నిలవదు. పోలిక చూసుకోవడంతోనే సరిపోతుంది. 1950ల మధ్యకాలం నుండి ఆ రాష్ట్రంలో ప్రభుత్వం నడుపుతూ వస్తున్న నాటక పోటీలు ఔత్సాహికులకు చేసిన మేలు తక్కువది కాదు; గోవాలో కళా అకాడమీ పోటీలూ అట్టివే. అయితే గానానికి విడిగా బహుమతి పెట్టే పద్ధతి పాటను మళ్ళీ నాటకం నుండి విడదీస్తుంది. సుభద్ర బాగా పాడిందా అని న్యాయనిర్ణేత అడుగుతాడు. ఆ సమయంలో సుభద్ర పాడవలసి వచ్చిందా అని అడగడు. ఈ రెండవ ప్రశ్న అడగని విమర్శ సంగీత నాటకాన్ని గురించి ఏమి చెప్పినా అది సంగీతాన్ని గురించి చెప్పినట్లే.

బెంగాలులో ఈ ప్రశ్నను ఒక పందొమ్మిదేళ్ళ యువకుడు తన ఇంటి నాటకంలోనే వేసుకున్నాడు. 1881 ఫిబ్రవరిలో జొరాసాంకో భవనంలో 'వాల్మీకి ప్రతిభ' ఆడారు. వాల్మీకి వేషం రవీంద్రనాథుడిది. సరస్వతి వేషం అన్నగారి కుమార్తె ప్రతిభాదేవిది. చూడవచ్చినవారిలో బంకించంద్రుడున్నాడు. హిందూస్థానీ రాగాలతో పాటు, ఇంగ్లండు నుండి అంతకుముందే తిరిగివచ్చిన ఆ యువకుడు అక్కడ విన్న వరసలు కొన్నింటిని కూడా దొంగల పాటలకు వాడుకున్నాడు. దీనిని గీతకావ్యంగా చదువరాదనీ, ఇది స్వరంలో నడిచే నాటకమనీ, పాట అభినయానికి లోబడి ఉంటుందనీ తరువాత తన స్మృతులలో ఆయనే వివరించాడు. ఇంటివారే నటులు, చుట్టాలే శ్రోతలు అయినప్పుడే ఆ ప్రయోగం సాధ్యమైంది. టిక్కెట్టు కొన్న శ్రోత మంచి పాటను సగంలో ఆపి సంభాషణలోకి పోనిచ్చేవాడు కాదు. 1888లో ఆయనే వ్రాసిన 'మాయార్ ఖేలా' ఇందుకు మారు. అందులో పాటలు ముఖ్యం, కథ దారం మాత్రమే. అది సఖీ సమితి కోసం వ్రాసినది, బెథూన్ పాఠశాలలో స్త్రీలే అన్ని పాత్రలూ ధరించి ఆడినది.

జొరాసాంకో సంపన్నుల ఇల్లు. అక్కడి 'శఖ్'కు వెనుక జమీందారీ ఉన్నది. గోవా పల్లెలోని ముచ్చటకు వెనుక చిన్న దుకాణమో, నాలుగు కొబ్బరిచెట్లో. కలకత్తాలోనే బాగ్‌బజారు యువకులు 1872లో తమ ఔత్సాహిక నాటకానికి టిక్కెట్టు పెట్టి 'నేషనల్ థియేటర్' అని పేరు పెట్టినప్పుడు, గుమాస్తాగిరి చేస్తూ వారితో కలిసి ఆడుతూ వచ్చిన గిరీశచంద్ర ఘోష్ ఒప్పుకోక విడిపోయాడు. తరువాత ఆయనే వృత్తి రంగస్థలానికి పెద్దదిక్కయ్యాడు. డబ్బు తీసుకోవడానికీ తీసుకోకపోవడానికీ మధ్య గీత అంత సులభంగా గీయలేమనడానికి మరొక ఉదంతం చాలు. 1936లో, డెబ్బయ్యయిదవ యేట, రవీంద్రనాథుడు 'చిత్రాంగద' నృత్యనాటకంతో శాంతినికేతనపు బృందాన్ని వెంటబెట్టుకుని ఉత్తర భారతంలో ఊరూరా తిరిగాడు. విశ్వభారతికి డబ్బు లేదు. ఢిల్లీలో ఆ సంగతి చూసి గాంధీజీ 60,000 రూపాయలు సమకూర్పించి యాత్ర మాన్పించారు. ముసలివయసులో కవిని వేదిక ఎక్కించడం దేశానికి అవమానమని చాలామంది బాధపడ్డారు. ఆ బాధలో ప్రేమ ఉన్నది. నాటకమాడటం చివరికి ఒక గతిలేని పని అనే భావం కూడా లేకపోలేదు.

తెలుగు, తమిళ దేశాలలో ఈ భావం ఇంకా స్పష్టంగా పనిచేసింది. బళ్ళారిలో న్యాయవాది ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను నడిపాడు. మరొక న్యాయవాది కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడిపాడు. ధర్మవారి నాటకాలు పాటలతో, పద్యాలతో నిండినవి. ఆ బృందం 1891లో మద్రాసు వచ్చి ఆడినప్పుడు చూసినవారిలో పమ్మల్ సంబంధ ముదలియార్ అనే విద్యార్థి ఉన్నాడు. అతనికి ఆట నచ్చిందన్నది ఒక సంగతి. వేషాలు కట్టినవారు చదువుకున్నవారు, ప్లీడర్లు, ఉద్యోగస్థులు అన్నది అంతకన్న పెద్ద సంగతి. ఆ యేడే సుగుణవిలాస సభ వెలిసింది. పేరులోనే ఉన్నది ఉద్దేశం: విలాసం సరే, సుగుణం ముందు. దాని వేదిక మీద తమిళంతో పాటు తెలుగు నాటకాలు కూడా ఆడారు.

ఆ పెద్దమనుషులు చేసిన మేలు అందరికీ తెలిసినదే. వారు కప్పిపుచ్చినది తక్కువమంది చెబుతారు. ఔత్సాహికుని గౌరవం వృత్తినటుని అగౌరవం మీద కట్టబడింది. 'మేము కూలికి ఆడేవారము కాము' అన్న వాక్యమే ఆ సభల తొలి పెట్టుబడి. దాని ఖర్చు భరించినవారిలో స్త్రీలు ముందున్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన వనారస కుటుంబంవారి వృత్తినాటకంలో ఇంటి ఆడవారు ఆడవేషాలు ధరించారు, పాడారు. పట్టణపు సభలలో మాత్రం ప్లీడరుగారే మీసం గొరిగించుకుని చిత్రాంగి అయినారు. మర్యాద పేరిట ఔత్సాహిక రంగం స్త్రీకి తలుపు వేసినంతకాలం, వృత్తిరంగం, ఎంత లోకనింద పడినా, ఆమెకు కొంత చోటిచ్చింది. 'మాయార్ ఖేలా' ఈ కథకు మినహాయింపు. అదైనా గడపలోపలి మినహాయింపే.

ధర్మవారి మేనల్లుడు, ఆయన కూడా ప్లీడరే, బళ్ళారి రాఘవ ఈ తలుపు తెరవడానికి పాటుపడ్డాడు. ఆడవేషాలు ఆడవారే వేయాలని పట్టుబట్టి చదువుకున్న స్త్రీలను వేదిక మీదికి తెచ్చాడు. ఆయనదే మరొక సంస్కరణ: పద్యాన్ని రాగంలో సాగదీయడం ఆయనకు గిట్టదు, భావం తెగకుండా చదవమన్నాడు. ఈ రెండవ మాటను అనుచరులు అర్థం చేసుకున్న తీరు విచారింపదగినది. రాఘవ కాదన్నది పాత్రను విడిచి ఊరేగే రాగాన్ని. అనుచరులు పద్యాన్నే విడిచారు. పట్టణపు ఔత్సాహికుడు వచన నాటకానికి, అందులోనూ ఏకాంకికకు, పరిషత్తు పోటీలకు మళ్ళాడు. నాటకంలో గొంతెత్తడం పాతకాలపు పని, పల్లెటూరి పని అయింది. పద్యనాటకం నిజంగానే పల్లెటూళ్ళకు పోయింది. అక్కడ రైతులు, కూలీలు, బడిపంతుళ్ళు హార్మనిస్టును పిలిపించి, తమ డబ్బే అతనికి ఇచ్చి, 'గయోపాఖ్యానం'లోని పద్యాలు, 'పాండవోద్యోగం'లోని పద్యాలు నేర్చుకున్నారు. అక్షరం చదవలేనివాడు కూడా సీసపద్యాన్ని ఎత్తుగీతితో సహా తప్పులేకుండా అప్పగించగల దేశం ఇది. అతనికి దానిని నేర్పినది బడి కాదు, రాయబారపు ఘట్టం. సాహిత్య చరిత్రలు కావ్యాల ప్రచారాన్ని గురించి వ్రాసేటప్పుడు ఈ హార్మనిస్టును పేర్కొనకపోవడం న్యాయం కాదు. పల్లెలో కూడా ప్లేటు వ్యామోహం లేకపోలేదు; ప్రసిద్ధుల రాగాలను పేరుపెట్టి అనుకరించే కృష్ణులు కొల్లలు. అయినా, ఒక పద్యం చివర తీసే ఆలాపన ఊపిరి చాలక తెగిపోయినప్పుడు, వెనువెంటనే వచ్చే వచనంలో కృష్ణుడు రాయబారానికి వచ్చినవాడని గుర్తుకు వస్తుంది. పెద్ద గాయకుల రాయబారంలో అది గుర్తుండటం కష్టం.

ఒకే విషయం మీద వచ్చిన రెండు నాటకాలను పక్కపక్కన పెడితే ఔత్సాహికుని పాటకున్న పని ఏమిటో తెలుస్తుంది. ముసలివానికి పసిపిల్లను అమ్మే దురాచారం మీద గురజాడ 'కన్యాశుల్కం' వ్రాశాడు. దానిని 1892లో విజయనగరంలో జగన్నాథవిలాసినీ సభవారు ఆడారు. అదే దురాచారం మీద గోవింద బల్లాళ్ దేవల్ 1899లో 'సంగీత శారద' తెచ్చాడు. కిర్లోస్కర్ శిష్యుడైన దేవల్ కొంతకాలం బడిపంతులు. (1929 నాటి బాల్యవివాహ నిరోధక చట్టాన్ని శారదా చట్టమనడానికి ఈ నాటకమే కారణమని అనుకునేవారు కొందరున్నారు, ఆ పేరు చట్టాన్ని ప్రతిపాదించిన హరవిలాస్ శారదాది.) గురజాడ నాటకం ఎంత గొప్పదైనా, అందులో అమ్ముడుపోబోయే సుబ్బికి నోరు లేదు. చుట్టూ ఉన్నవారందరూ ఆమె విషయం మాట్లాడతారు, ఆమె మాట్లాడదు. అది గురజాడ చూసిన సత్యం. ఆ వయసు పిల్ల తండ్రి ఎదుట ఏమి మాట్లాడగలదు? దేవల్ మరొక మార్గం తీసుకున్నాడు. మాట్లాడలేనిది పాడగలదని ఆయన నమ్మాడు. కాంచనభట్టు కూతురు తండ్రితో వాదించలేదు. తనకు పట్టనున్న గతిని పాటలో చెప్పుకుంటుంది, ఆ పాట వరస ఇంట ఆడవారు పనిపాటలలో పాడుకునే పాటకు దూరమైనది కాదు. పెండ్లికొడుకు భుజంగనాథుడు కూడా పాడతాడు. అతని పాటకు జనం నవ్వుతారు.

వృత్తి సమాజాలలో శారద వేషం సుకుమారమైన కంఠానికి ఒక అవకాశం. హౌశీ నాటకంలో సంగతి వేరు. చాలాకాలం ఆ పాట పాడినవాడు చీర కట్టిన నడివయసు పురుషుడు, గొంతు కొంత బొంగురుది, తరచు తానూ కూతుళ్ళ తండ్రే. ఇప్పుడు పాడేది బహుశా ఊరి బడి పంతులమ్మ. ఎదుట చాపల మీద కూర్చున్నవారిలో, ఆ సంవత్సరమే సంబంధం కుదుర్చుకున్న తండ్రులున్నారు, తనకన్న ముప్పయ్యేళ్ళు పెద్దవానికి కట్టబడి ఆ ఇంట ముసలిదైన స్త్రీలున్నారు. పాట మొదలు కాకముందే వారికి వరస వచ్చు. రెండవ చరణంలో శ్రుతి కొంచెం జారితే ముందువరుసలోని ఆడవారు పెదవులు కదిపి దానిని సరిచేస్తారు. భుజంగనాథునిగా కూర్చున్న దుకాణదారు ఆ సమయంలో ఏమి చేయాలో దేవల్ వ్రాయలేదు. సాధారణంగా అతడు తల వంచుకుంటాడు.